కృష్ణ వెంబడి స్వదేశమునకు

పుట్టిన దేశమును యౌవనముననే విడిచి పరదేశమున జీవితమును గడిపినవానికి స్వదేశమనగా సాధారణముగా ఒక విమానాశ్రయమును, అచ్చటినుండి సాగు ఒక రహదారియు, దాని చివర ఒక యూరును, ఆ యూర ఒక యిల్లును మాత్రమే. నేను దివిసీమలో పుట్టి, చదువు ముగియగానే ఉద్యోగార్థమై అమెరికా చేరి, అచ్చటనే తల నెఱసినవాడను. నా దేశము గన్నవరమునుండి అవనిగడ్డ వఱకు గల త్రోవలో ఇమిడియుండెను. మా యూరివారి భూగోళమును పెద్దది కాదు: చేనికి నీరు పంటకాలువనుండి వచ్చును, కాలువకు బెజవాడనుండి వచ్చును, బెజవాడకు ఎగువ కృష్ణ యెవరి యింటిముందు పాఱుచున్నదో విచారింపవలసిన పని యెవరికిని కలుగలేదు. ఉద్యోగవిరమణానంతరము, దేశమును ఒక్కమాఱైనను మొదటినుండి చూడవలెనను కోరిక బలపడగా, ఊరికి తిన్నగా పోక, నది పుట్టినచోటికి పోయి, అది నడచిన దారినే మా యూరు చేరుదునని నిశ్చయించుకొని, పూనాలో ఒక చిన్న కారును అద్దెకు దీసికొని వైశాఖమాసాంతమున ఒంటరిగా బయలుదేరితిని. తోడుండిన మాటలలో పడి దారి తెలియదందురు. నాకు దారి తెలియుటయే కావలసియుండెను.

కృష్ణ సహ్యాద్రిపై, మహాబలేశ్వరమున, సముద్రమట్టమునకు సుమారు 1,300 మీటర్ల యెత్తున పుట్టుచున్నది. వేసవి విడిదిగా పేరుపడిన క్రొత్త పట్టణమున కాక, దానికి కొంతదూరముననున్న పాత మహాబలేశ్వరమున పంచగంగా మందిరమను రాతిగుడి కలదు. కృష్ణ, వేణ్ణ, కోయన, సావిత్రి, గాయత్రి యను ఐదు నదులు అచ్చట గోముఖమునుండి ఒక్కధారగా వెలువడి కుండములో పడుచుండును. నేను చూచిననాడు ఆ ధార నా మణికట్టు లావును మించలేదు. అచ్చటికి పడమటనున్న అరేబియా సముద్రము నలువది మైళ్ళే. సావిత్రి ఆ దగ్గఱిదారినే పట్టి పడమటికి దిగిపోవుచున్నది. కృష్ణ మాత్రము చేరువనున్న సముద్రమునకు వెన్నుచూపి, తూర్పునకు మఱలి, 1,400 కిలోమీటర్లు నడచి, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశములను దాటి బంగాళాఖాతమున కలియుచున్నది. దక్కనులో ఇన్ని కోట్ల జనము అన్నము తినుచుండుటకు, ఆ కొండనెత్తిన నేల ఏ వైపునకు వాలినదను సంగతియే మూలము.

కొండ దిగగానే వాయి పట్టణము. అచ్చటి రాతిమెట్ల రేవులును, గుడులును, సమీపమున మేణవలిలో నదియొడ్డునే నానాఫడ్నవీసు కట్టించిన వాడాయు పీష్వాలనాటి వైభవమునకు గుఱుతులు. నన్ను నిలిపినది మఱియొక విషయము. తర్కతీర్థ లక్ష్మణశాస్త్రి జోషీ సంపాదకత్వమున మరాఠీ విశ్వకోశము రూపొందినది మహానగరమున కాదు, ఈ చిన్న యూరిలోనే. ఇదే నది పరివాహప్రాంతమున, పెనుగంచిప్రోలున పుట్టిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు నాగపురమున చదివి, మరాఠీలో వ్యాసములు వ్రాయునంతటి ప్రవీణుడై, పిదప ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనెను. నది పైనుండి క్రిందికి తెచ్చునది నీరు మాత్రమే కాదని నాకు మొదట తోచినది వాయి రేవున.

సతారా దాటి కరాడు చేరినచో కృష్ణయు కోయనయు ఎదురెదురుగా వచ్చి కలిసికొని, ఒక్కటై తూర్పునకు తిరుగుట చూడవచ్చును. దానిని అచ్చటివారు ప్రీతిసంగమమందురు. యశవంతరావు చవాను సమాధి ఆ యొడ్డుననే యున్నది. అయితే కోయన నీరంతయు ఆ సంగమమునకు రాదు. ఎగువ జలాశయమునుండి కొంతనీటిని కొండలలో త్రవ్విన సొరంగములద్వారా పడమటికి దింపి విద్యుత్తు పుట్టించుచున్నారు. ఆ నీరు అరేబియా సముద్రమున కలియుచున్నది. నది కాదని విడిచిన దారిని మనుష్యులు దానిచే పట్టించిరన్నమాట. దేశముయొక్క లక్షణమేమో అప్పుడు కొంత బోధపడినది: ప్రకృతి ఒకమాఱు చేసిన నిర్ణయమును మనుష్యులు ప్రతితరమునను మరల తూకము వేయుచుందురు.

సాంగ్లీ ప్రాంతమున నల్లరేగడి మొదలగును. దారికి ఇరుప్రక్కల చెఱకుతోటలు, వానినడుమ చక్కెర కర్మాగారముల పొగగొట్టములు. సాంగ్లీ పసుపు మార్కెట్టు దేశప్రసిద్ధము. దుగ్గిరాల యార్డులో కొమ్ములు విఱిచి రంగు చూచు వ్యాపారులను ఎఱిగినవానికి అచ్చటి వాసనయు, వేలముపాటల సందడియు క్రొత్తగావు. సమీపమున, వారణానది కృష్ణలో కలియుచోట, హరిపురమను గ్రామమున పసుపును నిలువచేయుటకు నేలలో పాతరలు త్రవ్వెడివారు. నోరు మనుష్యుడు దిగునంతమాత్రము. లోపల గది విశాలము. ఏండ్లతరబడి దాచినను కొమ్మునకు పురుగు పట్టదట. నదియొడ్డు మట్టికిగల ఆ గుణమును కనిపెట్టినవారి పేరు ఎచ్చటను లేదు. వరదలచేత చాల పాతరలు చెడిపోయినవి. 2019 ఆగస్టులో ఆ జిల్లా ఎంతగా మునిగినదో గోడలపై మిగిలిన బురదచాఱలను జూపి ఒక వృద్ధుడు నాకు చెప్పెను. ఆ చాఱ నా తలకంటె ఎత్తుననుండెను.

నరసోబావాడిలో పంచగంగ కృష్ణను కలియుచున్నది. అచ్చటి దత్తపాదుకలు నరసింహసరస్వతీస్వామి నెలవు. వరద వచ్చి నీరు గర్భాలయమున ప్రవేశించి దక్షిణద్వారమున వెడలినప్పుడు అందు స్నానము చేయుటను భక్తులు మహాభాగ్యముగా తలంతురు. వరదనుకూడ ఉత్సవముగా మార్చుకొన్న జనమును అచ్చటనే చూచితిని. ఆ స్వామికి పూర్వావతారముగా మరాఠీవారు కొలుచు శ్రీపాదశ్రీవల్లభుడు మన పిఠాపురమున పుట్టినవాడు. గుడిముందు పూలమ్ము నామె నన్ను తెలుగువానినిగా గుర్తించి మొదట పలికిన మాట "పిఠాపూర్" అనియే.

కర్ణాటకమున నది వెడల్పగును, వేగము తగ్గును. మలప్రభ వచ్చి కలియు కూడలసంగమమున బసవేశ్వరుని ఐక్యస్థలము కలదు. జలాశయపు నీరు చుట్టును నిలుచుటచేత దానిచుట్టును నూతివలె గోడ కట్టి, మెట్లమీదుగా లోనికి దిగునట్లు చేసిరి. ఆ బసవని చరిత్రమును పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచింపగా, భీమకవి 1369లో దానిని కన్నడమునకు దెచ్చెను. కన్నడదేశపు మహాపురుషుని కథ తెలుగునుండి కన్నడమునకు పోవుట వింతగా దోచవచ్చును గాని, ఏటి వెంబడి వచ్చువానికి అది సహజముగానే యుండును.

కొంచెము ఎగువనే ఆల్మట్టి. మా సీమలో ఆ పేరు ఊరిపేరుగా కాక తగవుపేరుగా వినబడును. దాని యెత్తు 519 మీటర్లా 524 మీటర్లా యను వాదము మా కాలువగట్లమీద అక్షరము రానివారికిని కంఠస్థము. నేను ఆనకట్టమీదనుండి చూచితిని; పిదప ఘటప్రభయొడ్డున పాత బాగలకోటను చూచితిని. జలాశయము వెనుకకు తన్నుటచేత ఆ పట్టణములో చాలభాగము మునిగిపోగా, జనులు నవనగరమను క్రొత్తయూరికి తరలిరి. ఎగువవాడనగా నీరు పట్టుకొన్నవాడని మాత్రమే వినియున్న నాకు, నీరు పట్టుటకై ఇల్లు విడిచినవాడును ఎగువవాడేయని అచ్చట తెలిసినది.

ఈ నీటిపంపకమునకై 1969లో ఏర్పడిన బచావతు ట్రిబ్యునలు, నూటికి డెబ్బదియైదు సంవత్సరములలో నమ్మదగిన ప్రవాహము 2,060 టీఎంసీలని లెక్కకట్టి, 1973లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టీఎంసీలు విధించెను. తరువాత మఱియొక ట్రిబ్యునలు వచ్చినది; రాష్ట్రము రెండైనది; వాదము మిగిలినది. ఆ అంకెలను దినపత్రికలో చదువుట వేఱు, వాని వెంబడి కారు నడుపుట వేఱు. చెఱకుతోట, పసుపుచేను, మునిగిన పట్టణము అన్నియు కన్నులార చూచినపిదప ఏ యంకెను చూచినను ఎవరో ఒకరి ముఖము కనబడును.

రాయచూరు దాటి తెలంగాణములోనికి ప్రవేశించి, పంచదేవపహాడువద్ద కారు నిలిపితిని. ఎదుట నదినడుమ కురువపురము. పిఠాపురమున పుట్టిన శ్రీపాదుడు నిలిచినచోటు. దాటుటకు పుట్టియే సాధనము. వెదురుబద్దలు గుండ్రముగా నల్లి, క్రింద తారుపట్టా కప్పిన ఆ నావ పెద్దగంపవలె నీటిపై కూర్చుండి, తెడ్డు వేసినప్పుడెల్ల ముందు చుట్టు తిరిగి, పిమ్మట మనసైనచో ముందునకు సాగును. పుట్టి నడుపు వృద్ధుడు అడిగెను:

"ఏ ఊరు సారూ మీది?"

"అవనిగడ్డ దగ్గర, పెద్దాయనా. కృష్ణ సముద్రంలో కలిసే చోటు."

అతడు తెడ్డు ఆపెను. "గంత దూరం పోతదా మా కృష్ణ?" కొంతసేపటికి, "ఎండకాలం మా కాడ రాళ్ళే కనబడతయి. మరి మీ కాడ?"

"మాకు కాలవలు కట్టేస్తారు."

"అంటే మీకూ లేవన్నట్టు," అని నవ్వి మరల తెడ్డువేసెను. మా కృష్ణయని నేను పుట్టినదాదిగా అనుచున్న మాటను అతడు నాకంటె సహజముగా అనెను.

అచ్చటినుండి జూరాల, గద్వాల, అలంపురము. బాదామి చాళుక్యులు తుంగభద్రయొడ్డున కట్టిన నవబ్రహ్మాలయములనుగూర్చి చాలమంది వ్రాసియున్నారు. నేను ఎక్కువసేపు నిలిచినది కూడవెల్లి సంగమేశ్వరాలయము ముందట. శ్రీశైలము జలాశయమున మునుగనున్న ఆ గుడిని రాయి రాయిగా విప్పి అలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. ఆవలియొడ్డున, నంద్యాల జిల్లావైపు, మఱియొక సంగమేశ్వరము కలదు. దానిని ఎవరును కదల్పలేదు. ఏడాదిలో అధికభాగము అది నీటిలోనుండి, వేసవిలో మాత్రము బయటపడును. వేపకొయ్యతో చేసిన లింగము నీట నానుచు ఎండుచు నేటికిని నిలిచియున్నది. నేను పోయినప్పుడు పూజారి గర్భగుడిలోని ఒండ్రును పారతో ఎత్తివేయుచుండెను.

నల్లమలలో రాత్రివేళ అడవిదారిని మూసివేయుదురు గనుక తెల్లవాఱువఱకు గేటువద్ద ఆగి, శ్రీశైలమును దర్శించి, మాచెర్లమీదుగా నాగార్జునసాగరము చేరితిని. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టనుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఇక్ష్వాకుల విజయపురి ఆ జలములక్రింద నున్నది. 1954 మొదలు 1960 వఱకు త్రవ్వితీసిన కట్టడములను, శిల్పములను కొండమీదికి చేర్చిరి. ఆ కొండ నేడు ద్వీపము. జొన్నచేలను వరిచేలుగా మార్చిన కాలువ ఒక రాజధానిని ముంచి వచ్చినదను విషయము పల్నాటివారు మఱవలేదు, మఱవవలసినదియు కాదు.

అమరావతి, ఉండవల్లి ఎఱిగిన చోట్లు గనుక త్వరగా సాగితిని. బెజవాడలో 1855 నాటికి కట్టిన పాత ఆనకట్టకు బదులుగా 1957లో వచ్చిన ప్రకాశము బ్యారేజి సుమారు పదమూడు లక్షల యెకరముల డెల్టాకు తాళపుచెవి. ఎగువన ఎన్ని ఆనకట్టలు దాటివచ్చిన నీరో తెలిసినపిదప ఆ గేట్లను నేను మునుపటి కన్నులతో చూడలేకపోయితిని.

పులిగడ్డ అక్విడక్టు దాటి మా యూరు చేరునప్పటికి ఆషాఢము వచ్చినది. కృష్ణలో వరద ఇంకను లేదు. ఎగువ జలాశయములు అడుగంటియున్నవి. అయినను మా పంటకాలువలో నీరు పాఱుచుండెను. లస్కరు తూముతలుపు ఎత్తుచుండగా, గట్టున నిలిచియున్న మా చిన్నాన్న కొడుకును, ఇది ఎచ్చటి నీరని అడిగితిని.

"ముందొచ్చేది గోదారి నీళ్ళే అన్నయ్యా. పట్టిసీమ మోటార్లు ఆడితేనే మనకు నారుమళ్ళు."

2015 తరువాత పట్టిసీమవద్ద ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరము కుడికాలువమీదుగా ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణలో కలిసి, బ్యారేజి దాటి, దివిసీమ శివారు భూములవఱకు వచ్చుచున్నది. కృష్ణను తలనుండి వెంబడించి వచ్చిన నాకు మా చేనిలో ఎదురైనది త్ర్యంబకమున పుట్టిన నది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలాదిమందిని పొట్టబెట్టుకొన్న సీమ ఇది. మరల లేచినదన్నచో పైనుండి వచ్చిన నీటిబలమున, ఒండ్రుబలమున లేచినది. ఇచ్చటి ప్రతి గింజలోను మహారాష్ట్రపు వానయు, బాగలకోట విడిచిన గడపయు, పల్నాటి మునుకయు కలవు. పరదేశమునుండి వచ్చు తెలుగువారికి నా విన్నపమొక్కటే: ఈమాఱు వచ్చినప్పుడు ఊరికి తిన్నగా పోకుడు, మీ యూరి నీరెచ్చట పుట్టినదో విచారించి, అచ్చటినుండి దాని వెంబడి రండు. ఊరు ఎట్లును అక్కడనే యుండును. దారిలో నున్నదే దేశము.