ఒక కసాయి తీర్పు

ఫుట్‌బాల్ రెఫరీని మెచ్చుకోవటమంటే అతన్ని మరిచిపోవటమేనని ఒక అభిప్రాయం వుంది. ఆట అయిపోయాక అతని పేరు ఎవరికీ గుర్తు రాకపోతే అతను తన పని సరిగా చేసినట్టేనట. వినటానికి బాగానే వుంటుంది గాని, ఇది నిజం కాదు. హైదరాబాదులో ఫతే మైదాన్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్ళలో ఒక్క కప్పు చాయ్ మీద రెండు గంటలు కూర్చోగల పాత ఫుట్‌బాల్ అభిమానులు నాకు కొందరు తెలుసు. వాళ్ళు గోలు కొట్టినవాళ్ళ పేర్లు తారుమారు చేస్తారేమో గాని, జాక్ టేలరు పేరు మాత్రం తప్పు చెప్పరు. చిత్రమేమంటే వాళ్ళలో ఒక్కరూ టేలరును కళ్ళారా చూసినవాళ్ళు కారు. 1974లో హైదరాబాదుకు టెలివిజనే రాలేదు. పేపర్లో చదివి, చాలా ఏళ్ళ తరవాత వీడియోలో చూసి, మధ్యకాలమంతా ఒకరికొకరు చెప్పుకుని ఆయన్ని తమవాడుగా చేసుకున్నారు.

టేలరు 1930లో ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టాడు. వృత్తి మాంసం కొట్టు. ముప్ఫై ఏళ్ళకు పైగా, వెయ్యికి మించిన ఆటల్లో యీల వూదాడు. 1966లో ఇంగ్లండు ఎఫ్.ఏ. కప్పు ఫైనలు, 1971లో యూరపు కప్పు ఫైనలు, 1974లో ప్రపంచ కప్పు ఫైనలు ఆయన చేతిమీదుగానే జరిగాయి. 2012లో చనిపోయాడు. పత్రికలవాళ్ళు ఆయన పేరుకు ముందు ‘వుల్వర్‌హాంప్టన్ కసాయి’ అని తగిలించటానికి ఎప్పుడూ సరదాపడ్డారు. ఇంగ్లండులో అది సరదాయే. మన దేశంలో కసాయి అనేది తిట్టు. మాంసం కొట్టి బతికేవాడు నలుగురి తగువూ తీరుస్తాడనీ, ఆ తీర్పుకు పెద్దలు తలవొగ్గుతారనీ మన వూళ్ళో ఎవడైనా అంటే, ముందు వాడి కులం ఏమిటని అడుగుతాం. ఈ హోటలు మిత్రులు మాత్రం అడగలేదు. వాళ్ళలో సగంమంది తండ్రులు అలాంటి పనులే చేసి బతికారు.

1974 జూలై 7న మ్యూనిక్‌లో ఏం జరిగిందో తెలియని విద్యార్థుల కోసం చెప్పాలి. పశ్చిమ జర్మనీ, హాలండు ఫైనలుకు వచ్చాయి. ఆట జర్మనుల సొంత గడ్డమీద. డచ్చివాళ్ళ దేశాన్ని 1940 నుంచి 1945 దాకా జర్మను సైన్యం ఆక్రమించింది. ఆ జ్ఞాపకం యింకా పచ్చిగానే వుంది. స్టేడియంలో సుమారు 75,000 మంది. డచ్చివాళ్ళు ఆట మొదలుపెట్టి, బంతిని తమలో తామే తిప్పుకుంటూ వచ్చారు. క్రైఫ్ మధ్యగీత దగ్గరనుంచి దూసుకువచ్చాడు. పెనాల్టీ గీత దగ్గర హోనెస్ అతన్ని పడేశాడు. టేలరు పెనాల్టీ యిచ్చాడు. ఆట మొదలై యింకా రెండు నిమిషాలు కాలేదు. జర్మనులకు అప్పటికి బంతి కాలికి తగలనే లేదు. ప్రపంచ కప్పు ఫైనల్లో అంతకు ముందెన్నడూ పెనాల్టీ యిచ్చినవాడు లేడు. నీస్కెన్స్ కొట్టాడు. జర్మనుల్లో మొట్టమొదట బంతిని ముట్టుకున్నవాడు గోలీ మాయర్. అదీ వలలోంచి తియ్యటానికి.

ఆ సమయంలో జర్మను కెప్టెన్ బెకెన్‌బవర్ టేలరు దగ్గరకు వచ్చి, నువ్వు ఆంగ్లేయుడివి కదా అని దెప్పాడని చెబుతారు. ఎనిమిదేళ్ళ కిందటి ఫైనల్లో జర్మనులు ఓడింది ఇంగ్లండు చేతిలోనే. తీర్పు నచ్చనప్పుడు తీర్పరి పుట్టుక తవ్వటం ఒక్క జర్మనులకే చెందిన జబ్బు కాదు.

సొంత జనం మధ్య ఆడేవాళ్ళకు వ్యతిరేకంగా యీల వూదటం ఎంత కష్టమో మా మిత్రులకు ఒకరు చెప్పక్కర్లేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఏషియన్ క్రీడల ఫైనల్లో మన జట్టు దక్షిణ కొరియాను 2–1తో గెలిచింది. సుమారు లక్షమంది జనం మనవాళ్ళమీద అరుస్తూనే వున్నారు. ఇండొనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారుల్ని రానివ్వకపోవటాన్ని మన క్రీడాధికారి ఒకాయన తప్పుబట్టినందుకు ఆ కోపం. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా హైదరాబాదు బడిపంతులు. జట్టులో యూసఫ్ ఖాన్ వంటి మన వూరి కుర్రాళ్ళున్నారు. జనఘోష అంటే ఏమిటో వాళ్ళ నోట విన్నవాళ్ళు, మ్యూనిక్‌లో ఆ మొదటి యీల విలువ ఎంతో అంచనా వేసుకోగలరు.

ఇంతవరకూ మా హోటల్లో తగువు లేదు. తగువంతా రెండో పెనాల్టీ గురించి.

ఇరవై అయిదో నిమిషంలో జర్మను ఆటగాడు హోల్జెన్‌బైన్ డచ్చి గోలు ముందు పడిపోయాడు. జాన్సెన్ కాలు అడ్డం వచ్చింది. తగిలిందా లేదా అన్నది యీనాటికీ తేలలేదు. టేలరు మళ్ళీ పెనాల్టీ యిచ్చాడు, బ్రైట్నర్ కొట్టాడు. మొదటి సగం ముగిసేలోపల ముల్లర్ యింకొకటి కొట్టాడు. జర్మనీ 2–1తో గెలిచింది. డచ్చివాళ్ళు హోల్జెన్‌బైన్‌ను క్షమించలేదు. కావాలని పడిపోవటానికి జర్మనులు వాడే ఒక పిట్ట పేరును డచ్చివాళ్ళు కూడా వాడుకలో పెట్టుకున్నారు. అప్పటినుంచీ ఒక వ్యాఖ్యానం ప్రచారంలో వుంది. మొదటిది అటు యిచ్చాడు గనక రెండోది యిటు యిచ్చి టేలరు లెక్క సరిచేశాడట. దీన్ని నిందగా అనేవాళ్ళున్నారు. మెచ్చుకోలుగా అనేవాళ్ళు కూడా వున్నారు, వాళ్ళతోనే నాకు పేచీ.

ఇటొకటి అటొకటి యివ్వటం నిష్పక్షపాతమని మన చదువుకున్నవాళ్ళలో గట్టి నమ్మకం. నేను పని చేసిన ఒక కాలేజీలో యాజమాన్యం తాలూకు కుర్రాడికి పన్నెండు మార్కులు తక్కువయ్యాయి. అతనికి కలపమన్నారు. అది అన్యాయం కదండీ అంటే, ‘ఐతే యింకో యిద్దరు బీద పిల్లలకు కూడా కలపండి మాస్టారూ, సమానంగా వుంటుంది’ అన్నాడు ఆ పెద్దమనిషి. ఆయన హాస్యానికి అనలేదు. ఆయన దృష్టిలో న్యాయమంటే అదే. మార్కులు కలిశాయి. నేను కలపలేదు, మరొకరు కలిపారు. ఆ యిద్దరు బీద పిల్లలు ఆ రోజునుంచీ నోరెత్తటానికి లేకుండా పోయింది.

టేలరు చేసింది అది కాదని నా వాదన. ఆట నిబంధన ప్రకారం అవతలివాణ్ణి పడెయ్యటమే కాదు, పడెయ్యబోవటం కూడా తప్పే. కాలు తగిలిందా లేదా అన్నది జనానికి ముఖ్యం, నిబంధనకు ముఖ్యం కాదు. కాలు అడ్డం పెట్టాడా, బంతికోసం పెట్టాడా మనిషికోసం పెట్టాడా అన్నదే ప్రశ్న. టేలరు చివరిదాకా ఆ మాటమీదే నిలబడ్డాడు. మొదటిదానికీ రెండోదానికీ ముడి లేదు. ఎవరి తప్పుకు వారిదే శిక్ష.

ఒకప్పుడు ఒక డిపార్టుమెంటు టీముకు గోలీగా ఆడిన మా మిత్రుడు యిది ఒప్పుకోడు. ఎనభై దాటినవాడు, మోకాళ్ళు పోయాయి, గొంతు పోలేదు. ‘ఆ పడటం దొంగ పడటం మాస్టారూ, నేను గోల్లో నిలబడ్డవాణ్ణి, నాకు తెలవదా?’ అంటాడు. మరి టేలరంటే అంత గౌరవం ఎందుకని అడిగాను. ‘తప్పో ఒప్పో, ఆయన తన కళ్ళతో చూసి యిచ్చిండు. ఎవరి మొహం చూసి యివ్వలే’ అన్నాడు.

ఈ అభిమానుల జ్ఞాపకాల్లో నేను ఒప్పుకోని భాగం ఒకటుంది. ఆ రోజుల్లో రెఫరీలు మాంసం కొట్లవాళ్ళు, బడిపంతుళ్ళు, డబ్బుకోసం చెయ్యలేదు, అందుకే నిజాయితీగా వున్నారు అంటారు. పంతుళ్ళ మాట నిజమే. 1950లో రియోలో బ్రెజిల్‌ను ఉరుగ్వే ఓడించిన ఆటకు రెఫరీ జార్జి రీడర్ పంతులే. ఎర్ర, పసుపు కార్డులు కనిపెట్టిన కెన్ ఆస్టన్ కూడా పంతులే. 1966లో ఒక జర్మను రెఫరీ అర్జెంటీనా కెప్టెన్‌ను బయటికి పొమ్మంటే ఒకరి భాష ఒకరికి రాక గందరగోళమైంది. తరవాత ఆస్టన్ లండను వీధిలో ట్రాఫిక్ దీపాలు చూసి, ఏ భాషా అక్కర్లేని ఆ రంగుల్ని మైదానంలోకి తెచ్చాడు. 1970 ప్రపంచ కప్పులో అవి మొదటిసారి వాడారు. గాలరీలో చివరి వరసవాడికి కూడా తీర్పు అర్థం కావాలన్న ఆలోచన పంతులుకే తడుతుంది. అది సరే. కాని జీతం లేకపోవటం వల్ల నిజాయితీ వచ్చిందనటం యజమానుల లెక్క. ఇంగ్లండులో ఆటగాళ్ళు సంఘం పెట్టి పోరాడి 1961లో వారానికి యిరవై పౌన్ల గరిష్ఠ వేతనాన్ని రద్దు చేయించుకున్నారు. రెఫరీలకు పూర్తికాలపు జీతాలు రావటానికి 2001 దాకా పట్టింది. ఈలోగా గేటు డబ్బూ టెలివిజన్ డబ్బూ ఎటు పోయినట్టు? టేలరు నిజాయితీపరుడు. అంతమాత్రాన చవకగా పని చేయించుకోవటం ధర్మం కాదు.

మా గోలీ మిత్రుడికి యీ చర్చ పట్టదు. ఆయనకు పెనాల్టీలకన్నా యిష్టమైన కథ వేరే వుంది. ఆ రోజు మ్యూనిక్‌లో ముగింపు ఉత్సవం బ్రహ్మాండంగా జరిగింది. బాండు మేళం, నృత్యాలు, పెద్దలంతా పెట్టెల్లో కూర్చున్నారు. ప్రపంచమంతా చూస్తోంది. టేలరు బంతి దగ్గర నిలబడి, యీల నోట పెట్టుకోబోతూ మైదానం నాలుగు మూలలూ చూశాడు. మూలల్లో జెండాలు లేవు. అన్నీ ఏర్పాటు చేసిన వేలమందిలో ఒక్కరికీ అవి గుర్తు లేవు. టేలరు యీల దించేశాడు. ఎవరో పరుగెత్తి జెండాలు తెచ్చి, ఒక్కొక్కటే పాతుతూ వుంటే, క్రైఫూ బెకెన్‌బవరూ, ఆ పెట్టెల్లోని పెద్దలూ, అందరూ కాచుకుని చూడవలసివచ్చింది.