మా వూరి కల్యాణి

బెంగుళూరు నుంచి హోసూరు సుమారు 40 కిలోమీటర్లు. అత్తిబెలె దాటితే తమిళ నాడు. హోసూరులో దిగి, కొండమీది చంద్రచూడేశ్వరునికి కిందినుంచే దండం పెట్టుకుని, వేరే బస్సెక్కితే గంటలో మా వూరు. దారి పొడుగునా గులాబి తోటలు. మా నాయన కాలంలో యీ చేలల్లో రాగి పండేది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం; మా వైపు వారి సంగతి యీ పత్రిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు.

2023 శోభకృత్ వుగాదికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాను. నా వుద్దేశం ముఖ్యంగా వాళ్ళకు కల్యాణి చూపించడం. కోనేటిని మా వైపు కల్యాణి అంటాం. దాని ఏడవ మెట్టు పక్కన వొక రాయి, రాతిమీద నాలుగు వరుసల తెలుగు అక్షరాలు వుండేవి. కట్టించినవారి పేరు అందులో వున్నదని పెద్దలనేవారు గాని, పూర్తిగా చదివినవారిని నేను చూడలేదు. మా తాత నా వేలు పట్టుకుని ఆ గుంటల్లో దిద్దించాడు. నాకు తెలుగు బడి అదే.

తీరా పోయి చూస్తే వేరే వూరికి వచ్చామా అనిపించింది. ముందు సిమెంటు తోరణం. చుట్టూ మెరిసే వుక్కు కమ్మీలు. మెట్లకు పలకలు, గోడలకు నీలం రంగు, నడుమ నీళ్ళు చిమ్మే గొట్టం. ఆ గొట్టానికి నీళ్ళు లేవు. కల్యాణికే లేవు. అడుగంతా సిమెంటు గచ్చు. “నాన్నా, ఇది ఈత కొలనా?” అన్నది మా అమ్మాయి. ఏడవ మెట్టు లెక్కపెట్టి చూశాను. రాయి సిమెంటు పూత కింద వున్నది. పైన నల్లరాతి ఫలకం మాత్రం తళతళ లాడుతున్నది. పదకొండు పేర్లు, ఖర్చు రూ. 8 లక్షల 40 వేలు. ఆనాడే ప్రపంచ జల దినమట; ఇంటికి వచ్చి కేలెండరులో చూసుకుని నవ్వుకున్నాను.

పాత కల్యాణిలో రాళ్ళ నడుమ సున్నం గూడా లేదు. వట్టి పేర్పు. ఆ సందుల్లోనుంచే వూట దిగేది; వానకాలంలో పైనున్న కాలువ ద్వారా వాన నీరు వచ్చి చేరేది. సందులు సిమెంటుతో మూస్తే వూట లోపలికి రాదు. గోడ వెనకాల నిలిచి, గోడనే ముందుకు తోస్తుంది. కాలువ నోటిమీదనే తోరణం లేచింది. ఇది పెద్ద ఇంజనీరింగు కాదు, మా వూరి తాపీమేస్త్రీ చెప్పిన మాట.

నేను ఇరవై ఏళ్ళుగా గుమాస్తాను. బిల్లు చూడనిదే నిద్రపట్టని జాతి. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి చిన్నాయన చేత అర్జీ పెట్టించాను. ముప్పై రోజుల లోపలే జవాబు వచ్చింది, తమిళంలో. రెండు రాత్రులు కూర్చుని చదివాను. తప్పు పట్టుకుందామనే కూర్చున్నాను, అబద్ధమెందుకు? అంచనాకూ కొలతల పుస్తకానికీ, బిల్లుకూ వోచరుకూ పైసా తేడా లేదు. పలకలు ఇన్ని చదరపుటడుగులు, కమ్మీ ఇన్ని కిలోలు, రంగు ఇన్ని లీటర్లు, ఫలకం వొకటి. పూడిక తీయడానికని వొక్క పద్దు లేదు. కాలువకు లేదు. దొంగ లెక్క అయితే పట్టుకుని అడగవచ్చును. సరిగ్గా వున్న లెక్కను యేమని అడగడం?

2022 డిసెంబరులో తెరిచిన సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్ల బావిని వొక పెళ్ళికి పోయినప్పుడు చూశాను. యేళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన బావి అది. అక్కడ ముందుగా చేసినది చెత్త తోడిపోయడం. ఇప్పుడు నీళ్ళున్నవి. మా వూళ్ళో ముందుగా చేసినది ఫలకం కాబోలు.

మే 1న గ్రామసభ. నాకు అక్కడ వోటు లేదు గనుక వెనక నిలబడ్డాను. చిన్నాయన లేచాడు. అధ్యక్షుడు మర్యాదస్థుడు, మాకు దూరపు చుట్టం కూడాను. “లెక్కంతా సరిగా వుండాది మామా, చూసుకో” అన్నాడు.

“లెక్క సరిపోయిందా అని నేనడగలే నాయనా. నీళ్ళేవి అని అడుగుతుండా.”

కొంతసేపు యెవరూ మాట్లాడలేదు. తర్వాత ఆడవాళ్ళ వైపునుంచి వొకామె కాలువ సంగతి యెత్తింది, మరొకామె తన బోరు యెండిన సంగతి. చివరకు కాలువ నోరు తెరవాలనీ, అడుగు గచ్చు పగలగొట్టాలనీ, రాతిమీది పూత తీయాలనీ తీర్మానం రాసుకున్నారు. మొదటి రెంటికీ డబ్బు వచ్చినప్పుడు చూస్తామన్నారు. మూడవదానికి డబ్బెందుకని మేస్త్రీ మర్నాడే చిన్న వులి పట్టుకుని వచ్చాడు.

ఒక పూటంతా మెల్లగా కొట్టాడు. రెండు వరుసలు దక్కినవి. కింది రెండు వరుసల మీది రాయి అదివరకే మెత్తబడి వుండెనేమో, సిమెంటుతో పాటు పొరగా లేచి పొడిపొడిగా రాలిపోయింది. ఆ సిమెంటు పెచ్చును చిన్నాయన పారవేయనీయక ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. దాని లోపలివైపు ఆ అక్షరాలు తిరగబడి, వుబ్బెత్తుగా అచ్చుపడి వున్నవి. మా అమ్మాయి అద్దం యెదురుగా పట్టుకుని, వొక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటున్నది.