పి 0171

నాన్న కారు కిరాయికి తిప్పుతారు. నరసరావుపేట నుంచి మాచర్ల, గురజాల వైపే ఎక్కువ. సంక్రాంతి సెలవులకి వెళ్లేసరికి డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతోంది. మెకానిక్ ఆక్సిజన్ సెన్సార్ మార్చాడట, 4 వేలు. రెండో రోజుకే లైటు మళ్లీ వచ్చింది.

నా స్కానర్ పెట్టి చూశాను. పి 0171. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి అని పరీక్షలో రాసినవాణ్ణే, బండి ముందు మాత్రం చాలాసేపు బుర్ర గోక్కున్నా. సెన్సార్ నిజమే చెప్పింది. పాపం, నిజం చెప్పినదాన్నే తీసి పారేశారు!

ఫ్యూయల్ ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 24 శాతం. 2500 ఆర్‌పీఎంకి లేపితే 6కి దిగింది. ఇంజను తక్కువ గాలి పీల్చేటప్పుడే తేడా ఎక్కువగా ఉందంటే, ఎక్కడో దొంగగాలి దూరుతున్నట్టు. చెవి పెట్టి వింటే సన్నగా బుస. వ్యాక్యూమ్ పైపు అడుగున చిన్న చీలిక. వేలితో మూస్తే ఐడిల్ మారింది. కొత్త పైపు 120 రూపాయలు.

నాన్న పిడుగురాళ్ల దాకా వెళ్లొచ్చారు. లైటు రాలేదు.

"ఆ 4 వేలు వెనక్కి అడుగుదాం" అన్నాను.

"రాత్రి పన్నెండింటికి దాచేపల్లి దగ్గర బండి ఆగితే వచ్చేది అతనేరా, నువ్వు కాదు" అన్నారు.