ఆదివారం పొద్దుటి కడుపునొప్పి

సౌదీలో వారం ఆదివారంతో మొదలవుతుంది. జుబైల్‌లో మా క్లినిక్‌కి ఆ రోజు పొద్దున్నే స్కూలు యూనిఫాంలో కడుపు పట్టుకుని వచ్చే పిల్లలుంటారు. వాళ్ళ పొట్ట మీద చెయ్యి వేసే ముందు, "ఇవాళ మొదటి పీరియడ్ ఏంటి నాన్నా?" అని అడుగుతాను. శుక్ర, శనివారాల సెలవుల్లో జాడలేని నొప్పి ఆదివారం ఆరింటికే వచ్చిందంటే దాని మూలం చాలాసార్లు పేగుల్లో ఉండదు.

ఈ ప్రశ్న నాకు నేర్పింది ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు. వాళ్ళది కరీంనగర్ వైపు. తండ్రి పెట్రోకెమికల్ ప్లాంటులో టెక్నీషియన్. కోవిడ్‌తో మూసిన బడులను 2021 ఆగస్టు చివర్లో పై తరగతులకు మళ్ళీ తెరిచారు. అంతకుముందు ఏడాదిన్నర వాడి చదువంతా ఫ్లాట్లో, ఫోన్‌లోనే. ఆ మధ్యలోనే ఊళ్ళో నానమ్మ పోయింది. విమానాలు ఆగిపోయిన రోజులు, ఎవరూ వెళ్ళలేకపోయారు. పెంచిన మనిషి దహనాన్ని వాడు వీడియో కాల్‌లో చూశాడు. బడి తెరిచాక రోజూ వాంతులు. స్కాన్ తీయించాను, రక్తపరీక్షలు చేయించాను. అన్నీ బాగున్నాయి. 'రెండు వారాలు విశ్రాంతి' అని సర్టిఫికెట్ రాసిచ్చాను. అవి గడిచాక మరో రెండు వారాలు.

అది నా తప్పు. భయంతో బడి మానేసిన పిల్లవాడికి ఇంట్లో గడిచే రోజు హాయిగా ఉంటుంది. ఆ హాయే మర్నాటి భయాన్ని పెంచుతుంది. మందు అనుకుని నేను జబ్బుకే మేత వేశాను. నెల తర్వాత క్లాసులో అడుగుపెట్టిన రోజే, లెక్కల పీరియడ్ మధ్యలో పుస్తకాలు విసిరేసి బయటికి పరుగెత్తాడు. బడివాళ్ళు తండ్రిని పిలిపించి, ఇండియాలో చేర్పించుకోవడం మంచిదని ఉత్తరం ఇచ్చారు.

"వీడు మొండోడు గాదు సార్. నానమ్మ పోయినప్పటిసంది మాట్లాడుడే బంద్ జేసిండు," అన్నాడు తండ్రి, నా బల్ల మీద ఆ ఉత్తరం పెట్టి.

ఆ ఉత్తరం ఎంత బరువో ఇక్కడ బతికేవాళ్ళకు తెలుసు. మన ఊళ్ళో ఒక బడి కాదంటే పక్క వీధిలో ఇంకోటి ఉంటుంది. ఇక్కడ మనవాళ్ళు కట్టగలిగే ఫీజుతో సీబీఎస్‌ఈ చెప్పే బడులు చాలా తక్కువ. బడి వద్దంటే తల్లీపిల్లలు ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇండియాకి వెళ్ళిపోవాలి, తండ్రి బ్యాచిలర్ గదికి మారాలి. 2017 జూలైలో నెలకు తలకు 100 రియాళ్ళతో మొదలై 2020కల్లా 400కు చేరిన, కుటుంబసభ్యుల మీద వేసే డిపెండెంట్ ఫీజు అప్పటికే ఎన్నో ఇళ్ళను అలా విడదీసింది. నానమ్మ పోయిన దిగులులో ఉన్నవాణ్ణి అమ్మానాన్నలకు దూరంగా ఏ హాస్టల్లోనో పెట్టడం నాకు తలచుకోవడానికే కష్టమైంది.

కాగితం మీద దారి ఉంది. సౌదీ 2000లో వికలాంగుల చట్టం చేసింది. 2001 నాటి ప్రత్యేక విద్య నిబంధనలు భావోద్వేగ, ప్రవర్తన సమస్యలను కూడా లెక్కలోకి తీసుకున్నాయి. మన దేశపు 2016 వికలాంగుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది. అర్హులకు సీబీఎస్‌ఈ మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తుంది. అయినా వైకల్య సర్టిఫికెట్ కావాలని అడిగే తల్లిదండ్రులు అరుదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డమొస్తుందని ఆడపిల్లల తల్లులు నాతోనే అన్నారు. కాలు విరిగిన పిల్లకు కింది అంతస్తులో క్లాసు పెట్టమని అడిగే నోరు, మనసు విరిగినప్పుడు పెగలదు.

ఆ కుర్రాడి విషయంలో దారి చూపింది వాళ్ళ క్లాస్ టీచరు, కేరళ మాస్టారు. తనంతట తానే క్లినిక్‌కి వచ్చారు. సైకియాట్రిస్టు సలహాతో కలిసి కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. తలుపు పక్కన బల్ల. మొదటి వారం రోజుకు రెండే పీరియడ్లు. గుండె దడదడలాడితే బల్ల మీద పసుపు కార్డు పెట్టి, ఎవర్నీ అడగకుండా లైబ్రరీకి వెళ్ళొచ్చు. పది నిమిషాల్లో తిరిగి రావాలి. అన్నిటికన్నా ఈ తిరిగి రావడమే ముఖ్యమని మాస్టారు పట్టుబట్టారు, ఆయన మాటే నిజమైంది. బయటికి వెళ్ళే వీలుందని తెలిశాక వాడికి లోపల కూర్చోవడం తేలికైంది. కొందరు తల్లిదండ్రులు "మా పిల్లలకు లేని వెసులుబాటు వీడికెందుకు?" అని గొడవపడ్డారు. మాస్టారు వాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడారు. ఏడాది చివరికి కార్డు వాడి జేబులోనే ఉండేది, బల్ల మీదికి వచ్చేది కాదు.

పుస్తకాలు విసిరే పిల్లలు కనీసం నా దాకా వస్తారు. పదకొండో తరగతి అమ్మాయి ఒకతె ఆరు నెలలు నిద్ర లేకుండా, మధ్యాహ్నం డబ్బా తెరవకుండా గడిపింది. మార్కులు తగ్గలేదు కాబట్టి ఎవరూ గమనించలేదు. నన్ను ఆమె కోరింది ఒక్కటే: "అంకుల్, క్లాసులో అందరి ముందూ నన్ను లేపి జవాబు అడగొద్దని మిస్‌కి చెప్తారా? రాసి ఇస్తాను." చెప్పాను. మిస్ ఒప్పుకుంది. చికిత్స వేరుగా జరిగింది గానీ, ఆమె బడి మానకుండా ఉన్నది ఆ ఒప్పుకోలు వల్లనే.

విశ్రాంతి సర్టిఫికెట్లు ఇప్పుడు ఎడాపెడా రాయను. ప్రిస్క్రిప్షన్ మీద 'బడికి పంపాలి' అని మొదలుపెట్టి, తలుపు పక్క బల్ల, రోజుకు ఎన్ని పీరియడ్లు, బయటికి వెళ్తే ఎవరి దగ్గర కూర్చోవాలి, అన్నీ వివరంగా రాస్తాను. కింద నా ఫోన్ నంబరు కూడా. ఈ నెల అలాంటివి మూడు రాశాను. ఒక బడి నుంచి ఫోన్ వచ్చింది. మిగతా రెండు బడులకు రేపు నేనే ఫోన్ చేస్తాను.