నది దగ్గర పుట

చిన్నప్పుడు 'యాత్రికుని ప్రయాణము' మాకు సింహాల కథ, రాక్షసుని కథ. కిరసనాయిలు దీపము దగ్గర అన్నయ్య చదువుతుంటే, నిరాశ అనే రాక్షసుడు యాత్రికులిద్దరినీ చెరలో వేసి దుడ్డుకర్రతో కొట్టే చోట మేము ఒకరినొకరు పట్టుకొనేవాళ్ళము. చివరి నది వచ్చేసరికి మాత్రము, త్వరగా దాటించి పట్టణము చేర్చమని అన్నయ్యను తొందరపెట్టేవాళ్ళము.

అరవై ఐదేండ్ల వయస్సులో ఈ మధ్య మరల చదివాను. ఆ చెర బుధవారము ఉదయము నుండి శనివారము రాత్రి వరకని జాన్ బన్యన్ దినాలు లెక్కపెట్టి వ్రాశాడు. 1660 మొదలు సుమారు 12 ఏండ్లు బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్నవాడు, లెక్కపెట్టక ఏమి చేస్తాడు?

అయితే నన్ను ఆపినది నదియే. అపొల్లుయోనును కత్తితో గెలిచిన క్రైస్తవుడు అక్కడ మునిగిపోతూ భయపడతాడు. నిరీక్షణ అనే తోటి యాత్రికుడు అతని తల నీళ్ళపైకి ఎత్తి పట్టుకోవడానికి ఎంతో ప్రయాసపడతాడు.

నిరుడు మా ఇంటాయన, ముప్పై ఏండ్లు సంఘపెద్దగా ఉన్న మనిషి, చివరి రాత్రులలో “భయమేస్తున్నదే” అన్నారు. ఆయన తల నా ఒడిలో పెట్టుకొని తెల్లవారేదాకా కూర్చున్నాను.

ఆ పుటలో నిరీక్షణ పేరు క్రింద పెన్సిలుతో గీత గీశాను.