కోతి – కోటి

మా ఇల్లు వన్‌టౌన్‌లో, హార్బర్‌కి దగ్గర్లో. అర్ధరాత్రి ఓడ కూతేసినా మాకు మెలకువ రాదు. వేసవి సెలవులకి అమ్మాయితో డల్లాస్ నుంచి వచ్చిన అయిదేళ్ళ మనవడు మాత్రం మొదటి రాత్రే ఉలిక్కిపడి లేచి నా మెడ పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి వాడికీ అలవాటైపోయింది.

అలవాటు కానిది ఒక్కటే. మా వారిని "టాటయ్యా" అని పిలుస్తాడు.

"టాట కాదురా, తాత" అని దిద్దితే, "అదే కదా అన్నాను, టాటయ్యా!" అని వాడికి కోపం. మా వారు నవ్వేసేవారు గానీ, లోపల చిన్నబుచ్చుకున్నారని నాకు తెలుసు.

ఒక రాత్రి అమ్మాయిని దులిపేశాను. "ఇంట్లో తెలుగు మాట్లాడితే ఈ తిప్పలు ఉండేవా?"

అది కాసేపు ఊరుకుంది. "నాలుగో నెలకే వాణ్ణి డేకేర్‌లో వేశానమ్మా. నిన్ను రమ్మని ఎన్నిసార్లు అడిగాను?" అంది.

అప్పట్లో మా అత్తగారు మంచాన ఉన్నారు. కదల్లేకపోయాను. జవాబు చెప్పలేక లేచి వెళ్ళిపోయాను.

తర్వాత కూర్చుని చదివాను. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళలోని పసిపిల్లలకి హిందీలోని త, ట వినిపించారట. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడ్డవాళ్ళలో చాలామంది పట్టలేకపోయారు. చెవుల్లో లోపమేమీ లేదు. చుట్టూ వినపడని తేడాని మెదడు లెక్కలోంచి తీసేస్తుంది. మేం ఓడ కూత పట్టించుకోం గానీ, వింటే తెలుస్తుంది. వాడికి మా రెండక్షరాలూ ఒక్కటిగానే వినిపిస్తున్నాయి.

2003లో సియాటిల్‌లో పాట్రీషియా కూల్ బృందం ఇంకోటి తేల్చింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలతో చైనీస్ వాళ్ళు ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడుతూ మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే టీవీలో చూపిస్తే పట్టుకోలేదు. రోజూ వీడియో కాల్‌లో పాటలు పాడి నా వంతు అయిపోయిందనుకున్నదాన్ని, అది చదివి మనసు కలుక్కుమంది.

అయితే అయిదేళ్ళకి అంతా అయిపోయినట్టు కాదు, కష్టపడితే మళ్ళీ పట్టుబడుతుంది. మా వారు వాణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టారు. నాలుక పళ్ళకి తగిలితే త, మడిచి పైన అంగిలికి తగిలిస్తే ట. తర్వాత ఆట. "కోతి" అంటే గోక్కోవాలి, "కోటి" అంటే డబ్బు లెక్కపెట్టాలి. మొదట్లో అన్నిటికీ గోక్కునేవాడు. నెల తిరిగేసరికి పదికి ఏడు సరిగ్గా చెప్పాడు.

ఎయిర్‌పోర్టులో హడావిడిగా "టాటయ్యా" అనేసి, ఆగి, నాలుక పళ్ళకి ఆనించి మళ్ళీ పిలిచాడు.

నవంబర్లో అమ్మాయికి రెండో కాన్పు. పురిటికి వాళ్ళ అత్తగారు వెళ్తున్నారు. మేమిద్దరం బిడ్డకి ఆరో నెల రాగానే వెళ్ళి, ఏడాది నిండేదాకా ఉంటాం. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను, "ఈసారి నువ్వు అడక్కముందే వస్తున్నానే" అని.