స్పామ్ అని ముద్ర పడ్డ రోజు

సెకండియర్ అక్టోబర్‌లో నా మొదటి పుల్ రిక్వెస్ట్ పంపాను. ఆ ప్రాజెక్టు ఏం చేస్తుందో కూడా నాకు తెలీదు. రీడ్‌మీ ఫైల్ చివర "అమేజింగ్ ప్రాజెక్ట్" అని రెండు మాటలు చేర్చి పంపేశా. హాస్టల్ రూమ్‌లో నలుగురం అదే రాత్రి అలాంటివే పంపాం. రెజ్యూమెలో "ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్" అని రాసుకోవచ్చని ఆశ. పొద్దున లేచి చూస్తే క్లోజ్ చేసేశారు. పక్కన "స్పామ్" అని లేబుల్. కింద ఒక్క ముక్క వివరణ లేదు.

చాలా కోపం వచ్చింది. క్లబ్‌లో సీనియర్ అక్కకు చూపించి, "కొత్తోళ్లకు ఇచ్చే మర్యాద ఇదేనా అక్కా?" అన్నా. ఆమె నా ఫోన్ తీసుకుని ఆ ప్రాజెక్టులో క్లోజ్ అయినవన్నీ వరసగా తెరిచింది. పేజీ తిప్పినా అయిపోలేదు. అన్నీ నాలాంటివే. "తమ్మీ, ఆయన జీతం లేకుండా చేస్తుండు ఈ పని. పొద్దున చాయ్ తాగుకుంట నీ చెత్త ఊడ్చిండు. నీకు వివరణ గూడ రాయాల్నా?" అంది.

అప్పుడు చదివితే తెలిసింది, ఇది పాత జబ్బే అని. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్ట్ అన్నారు. టీషర్ట్ కోసం వచ్చిపడిన పనికిరాని మార్పులతో వలంటీర్లు తల పట్టుకున్నారు. చివరికి నిర్వాహకులు మధ్యలోనే రూల్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్టుకూ ఇదే గతి. రీడ్‌మీలో తమ పేరు చేర్చి పంపినవాళ్లలో మన దేశపు విద్యార్థులే ఎక్కువగా కనిపించారు. సిగ్గేసింది.

థర్డియర్‌లో మన ఈ-పత్రిక పేజీలు తయారుచేసే స్క్రిప్టు చూసుకునే పని నా మీద పడింది. ఇప్పుడు నేను బల్లకు అవతలి వైపు. మొదటి ఫిర్యాదు వాట్సాప్‌లో: "అన్నా, మ్యాగజైన్ వస్తలేదు." ఏ ఫోను? ఏ పేజీ? ఏమని చూపిస్తోంది? నాలుగు మెసేజ్‌ల తర్వాత తేలింది, అతని డేటా ప్యాక్ అయిపోయిందని. ఇలాంటివి పది వచ్చేసరికి ఓపిక చచ్చిపోయింది. మిడ్స్ ముందు రోజు వనపర్తి ఫస్టియర్ తమ్ముడొకడు రాశాడు: "అన్నా, ఒత్తులు పోతున్నయి." నేను కసిరాను: "వెబ్‌సైట్‌లో బాగానే ఉంది. నీకు చేతనైతే నువ్వే సరిచేసుకో." అతను మళ్లీ ఏమీ రాయలేదు.

సంక్రాంతికి గద్వాల పోయినప్పుడు మా నాయిన పత్రిక పీడీఎఫ్ తెరిచాడు. కాసేపు చూసి, "ఇదేం తెలుగురా, ముఖ్య అని రాయనీకి ఖకు పొల్లు పెట్టి పక్కన య పెట్టినవు?" అన్నాడు. ఫోన్ లాక్కుని చూశా. పీడీఎఫ్ అంతా అంతే. వెబ్‌సైట్‌లో బాగుంది, పీడీఎఫ్‌లో ఒత్తులన్నీ విరిగిపోయాయి. ఆ తమ్ముడు చెప్పింది నిజం. ఎక్కడ చూశాడో అడగకుండానే కసిరాను. నాకు కోపం తెప్పించిన ఆ మెయింటెయినర్ కన్నా నేనే అన్యాయం చేశా. ఆయన చెత్తను పారేశాడు, నేను పనికొచ్చే మాటను పారేశాను.

సెలవులయ్యాక అతని రూమ్‌కి వెళ్లి సారీ చెప్పా. "మీరు బిజీ ఉన్నరనుకున్న అన్నా" అన్నాడు అంతే. ఇద్దరం కూర్చున్నాం. మొత్తం పత్రికను పక్కనపెట్టి, "ముఖ్య" అనే ఒక్క మాటతో ఒక పేజీ పీడీఎఫ్ చేశాం. తప్పు అందులోనూ వచ్చింది. తప్పును అంత చిన్నది చేస్తే సగం పని అయినట్టే. యూనికోడ్‌లో ఆ మాటలోని "ఖ్య" అంటే ఖ, పొల్లు, య అనే మూడు కోడ్‌లు. వాటిని కలిపి యవత్తుగా మార్చే పని షేపింగ్ ఇంజిన్‌ది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామే. మేం వాడిన పీడీఎఫ్ లైబ్రరీలోనూ ఆ సౌకర్యం ఉంది, కానీ దాన్ని మనమే ఆన్ చేయాలి. పాత ఫిర్యాదులు వెతికితే హిందీ గురించి ఎవరో అడిగిన చోట ఆ జవాబు దొరికింది. కాబట్టి మళ్లీ కొత్త ఫిర్యాదు పెట్టలేదు. తెలుగు మాటతో ఒక టెస్టు, డాక్యుమెంటేషన్‌లో రెండు లైన్లు పంపాం.

రివ్యూలో రెండు మాటలు వచ్చాయి. టెస్టు, డాక్యుమెంటేషన్ విడివిడిగా పంపండి. మీరు వాడిన ఫాంట్ లైసెన్స్ ఏంటి? మేం వాడింది "సురవరం" ఫాంట్. సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఇచ్చింది, సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద. "1952ల మా వనపర్తి ఎమ్మెల్యే కదన్నా" అన్నాడు తమ్ముడు. "పుట్టింది మా గద్వాల సంస్థానంల" అన్నా నేను. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, ఆయన తిట్టి ఊరుకోలేదు. 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. ఫిర్యాదుకు రుజువు జతచేయడమంటే అదే. మా ఇద్దరిదీ పాలమూరే, మాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

మార్పులు చేసి పంపాక మూడు వారాలు జవాబు లేదు. "ఇంకోసారి గట్టిగ అడుగుదమా అన్నా?" అన్నాడు. అప్పుడు అతనికి ఎక్స్‌జెడ్ కథ చెప్పా. లాసె కాలిన్ అనే వలంటీర్ ఏళ్లపాటు దాదాపు ఒక్కడే నడిపిన ప్రాజెక్టు అది. ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకు అప్పగించు అని కొన్ని ఖాతాలు ఆయన్ను పోరాయి. చివరికి సాయానికి వచ్చిన ఒకరికి అధికారాలు ఇచ్చాడు. ఆ పేరుతోనే 2024లో దొంగదారి కోడ్ చేరింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మిషన్‌లో లాగిన్ అర సెకను లేటవుతోందేమిటని తవ్వి, మార్చి 29న బయటపెట్టాడు. అర సెకను తేడాను వదలని ఒక్క మంచి బగ్ రిపోర్ట్ ఎన్నో సర్వర్లను కాపాడింది. "త్వరగా, త్వరగా" అనే పోరు ఒక మనిషిని ఒంటరిని చేసింది. మేం ఇంకో వారం ఆగి, మర్యాదగా ఒక్క వాక్యం రాశాం. రెండు రోజులకు మెర్జ్ అయింది. కమిట్‌లో మొదటి పేరు తమ్ముడిది.

ఇప్పుడు మన స్క్రిప్టుకు నలుగురం ఉన్నాం. మొన్న నాగర్‌కర్నూల్ చెల్లె ఒకామె విషయసూచికలో పేజీ నంబర్ తప్పు పట్టుకుని, సరిచేసి మరీ పంపింది.

ఈ సంచికలో ఎక్కడైనా ఒత్తు విరిగితే చెప్పండి. ఏ ఫోను, ఏ పేజీ, ఏం కనిపించింది, ఏం కనిపించాలి అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. పరీక్షలుంటే జవాబు ఆలస్యం కావచ్చు. కసరడం మాత్రం ఉండదు.